రంగు కోసం ఆరోగ్యాన్ని అమ్ముకోవద్దు



“పౌడరు వేసుకుంటే క్యాన్సరు వస్తుందటగా, నిజమేనా?” “షాంపూలో ఏవో రసాయనాలు కలుపుతారట, మానేయమంటారా?” ఇలాంటి ప్రశ్నలు అడిగే తల్లులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒంటికి రాసుకునే వస్తువులో ఏముందో తెలుసుకోవాలనుకోవడం మంచి అలవాటే. కాని ఒక విచిత్రం ఉంది. షాంపూ సీసా మీద ఉన్న పొడుగాటి పేరు చూసి భయపడే ఇంట్లోనే, పేరూ ఊరూ లేని క్రీము డబ్బా ఒకటి అద్దం పక్కన నిశ్చింతగా ఉంటుంది. భయపడవలసిన చోట ధైర్యంగా ఉంటున్నాము, ధైర్యంగా ఉండవలసిన చోట భయపడుతున్నాము. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

పెద్ద పేర్లన్నీ విషాలు కావు

ముందుగా అనవసరమైన భయాలను కొంత తగ్గించుకుందాము. క్రీములు, షాంపూలు చెడిపోకుండా పారాబెన్లు అనే పదార్థాలు కలుపుతారు. వీటిలో ఐదు రకాలను ఐరోపా దేశాలు 2014లో నిషేధించాయి. మిగిలినవాటిని తక్కువ మోతాదులో వాడవచ్చని అనుమతించాయి. చెడిపోకుండా కాపాడే పదార్థం ఏదీ లేని క్రీములో సూక్ష్మక్రిములు పెరుగుతాయి, అదీ ప్రమాదమే. కాబట్టి పేరు నోరు తిరగనంత మాత్రాన అది విషం కాదు. అలాగే “నాచురల్”, “హెర్బల్” అని రాసినంత మాత్రాన అది అమృతమూ కాదు. పాదరసం, సీసం కూడా భూమిలో పుట్టినవే.

టాల్కం పౌడరు సంగతి కొంచెం వేరు. టాల్క్ అనేది గనుల్లో దొరికే ఖనిజం. దాని పక్కనే ఆస్‌బెస్టాస్ అనే ప్రమాదకరమైన ఖనిజం కూడా ఉండే అవకాశం ఉంది. అందుకే ఈ విషయం మీద అమెరికాలో వేల కేసులు నడిచాయి. జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ టాల్క్‌తో చేసే బేబీ పౌడరును 2023లో ప్రపంచమంతటా ఆపివేసింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం టాల్క్‌ను “బహుశా క్యాన్సరు కలిగించగలది” అనే వర్గంలో చేర్చింది. దీని అర్థం, నిన్నటిదాకా పౌడరు వేసుకున్న ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. అవసరం లేని చోట మానుకోవడం మేలని. ముఖ్యంగా పసిబిడ్డకు స్నానం చేయించి మెడకు, ముఖానికి తెల్లగా పౌడరు అద్దే అలవాటు మానాలి. ఆ పొడిని బిడ్డ పీలుస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెత్తని గుడ్డతో తడి తుడిచి గాలి తగలనిస్తే చాలు. మన పల్నాటి ఎండలకు కూడా అంతకు మించినది అక్కరలేదు.

అసలు ప్రమాదం ఆ చిన్న ట్యూబులో

ఇక భయపడవలసినవాటికి వద్దాము. మొదటిది, ముఖం తెల్లబడాలని మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ ఆయింట్‌మెంటు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఇవి చెడ్డ మందులు కావు. సోరియాసిస్ వంటి జబ్బులకు డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే ఎంతో మేలు చేస్తాయి. కాని ఇవి అలంకరణ వస్తువులు కావు.

స్టిరాయిడ్ రాసిన మొదటి రెండు వారాలు ముఖం తేటగా కనిపిస్తుంది. చర్మంలో రక్తనాళాలు కుంచించుకుపోవడం, రంగు తయారీ తగ్గడం వల్ల వచ్చే మెరుపు అది. అక్కడే మనిషి మోసపోతుంది. నెలల తరబడి రాసేకొద్దీ చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. చెంపల మీద ఎర్రని సన్నని నరాలు తేలుతాయి. మొటిమలు గుంపులుగా వస్తాయి. గడ్డం దగ్గర వెంట్రుకలు మొలుస్తాయి. కళ్ళ చుట్టూ ఎక్కువకాలం రాస్తే నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు. మానేద్దామంటే ముఖం భగ్గుమని మండి ఎర్రబడుతుంది, ఆ మంట భరించలేక మళ్ళీ అదే ట్యూబు తీస్తారు. ఒక రకంగా ఇది వ్యసనమే.

మన ప్రాంతంలో దీని బాధ మరింత ఎక్కువ. పలచబడిన చర్మం ఎండకు ఓర్వలేదు. పత్తి తీతకు, మిరప కోతలకు పొద్దుటి నుండి సాయంత్రం దాకా పొలంలో ఉండే ఆడవాళ్ళు, కల్లాల్లో మిరపకాయల ఘాటు మధ్య పనిచేసేవాళ్ళు ఆ ముఖంతో ఎలా నెగ్గుకొస్తారు? ఎండ నుండి కాపాడడానికి దేవుడు చర్మంలో పెట్టిన గొడుగు మన చామనఛాయ. ఆ గొడుగును డబ్బులిచ్చి చింపుకుంటున్నాము.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే కష్టమని అనుకోవద్దు. మన దేశంలో 12 చర్మవ్యాధి కేంద్రాల వైద్యులు కలిసి చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే, 433 మంది ముఖానికి స్టిరాయిడ్ రాసుకుంటున్నవారే. వారిలో 257 మందికి ఆ మందు చెప్పింది డాక్టరు కాదు. పట్నాలవారికంటే పల్లెలు, పట్నం శివార్లలోనివారు మరింత ఘాటైన రకాలు వాడుతున్నారని కూడా అందులో తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. చట్టం ఉంది. చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. తామరకు కూడా ఇవే ట్యూబులు అడిగి రాసుకుంటున్నారు. దురద తగ్గినట్టే తగ్గి, తామర ఒళ్ళంతా పాకుతుంది.

పాదరసం మూత్రపిండాల దాకా పోతుంది

రెండవది ఇంకా గట్టి శత్రువు. ఫ్యాన్సీ షాపుల్లో, తిరునాళ్ళ అంగళ్ళలో, గల్ఫు నుండి వచ్చినవారి పెట్టెల్లో, ఫోను చూసి తెప్పించుకునే పొట్లాల్లో కొన్ని తెల్లబరిచే క్రీములు వస్తుంటాయి. తయారుచేసినవారి చిరునామా ఉండదు, ఏమి కలిపారో ఉండదు. వారంలో రంగు మారుతుందని మాత్రం ఉంటుంది. ఇలాంటివాటిలో కొన్నింటిలో పాదరసం కలుపుతారు. చర్మంలో రంగు తయారయ్యే పనిని పాదరసం ఆపేస్తుంది, అందుకే అంత త్వరగా “గుణం” కనిపిస్తుంది.

అది చర్మంతో ఆగదు. ఒంట్లోకి ఇంకి మూత్రపిండాలకు చేరుతుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఆస్టర్ మిమ్స్ ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి మామూలుగా అరుదుగా కనిపించే రకం జబ్బు ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారు. ఎక్కువమందికి క్రీము మానగానే జబ్బు తగ్గుముఖం పట్టడం సంతోషించదగిన విషయం. కాని అది క్రీము వల్లనే అని ముందు ఎవరో ఒకరు అడిగి తెలుసుకోవాలి కదా! ఆఫ్రికాలో నైరోబీ వైద్యులు ఇదే సంగతిని 1972లోనే లోకానికి చెప్పారు. యాభై ఏళ్ళయినా ఆ డబ్బాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ఇలాంటి క్రీముల్లో పాదరసం కలపకూడదు. పొరపాటున చేరినా పదిలక్షల్లో ఒక వంతుకు మించరాదు. కాని చిరునామా లేని డబ్బా నియమాలను లెక్కచేస్తుందా? ఇంకొక మాట. తల్లి రాసుకున్న పాదరసం తువ్వాలు, దిండు, చేతుల ద్వారా పసిపిల్లలకు అంటుతుంది. గర్భిణి ఒంట్లో చేరితే కడుపులోని బిడ్డకూ చేరి, మెదడు ఎదుగుదలను దెబ్బతీయగలదు.

జుట్టు రంగు, కాటుక

జుట్టుకు వేసే నల్ల రంగుల్లో చాలావాటిలో పి.పి.డి. అనే రసాయనం ఉంటుంది. అది పడనివారికి కళ్ళు, ముఖం వాచి, తల రసి కారుతుంది. కొత్త రంగు వేసే ముందు చెవి వెనుక కొద్దిగా రాసి ఒక రోజంతా చూడమని పెట్టె మీదే రాసి ఉంటుంది. ఆ ఒక్క రోజు ఆగేవారు తక్కువ. కనుబొమలకు, కనురెప్పలకు అసలు వేయకూడదు, చూపు పోయే ప్రమాదముంది. గోరింటాకు ఎర్రగా పండుతుంది. వెంటనే నల్లగా పండే “బ్లాక్ మెహందీ”లో అదే రసాయనం ఉంటుందని గుర్తుంచుకోండి.

ఈ రంగు లోపలికి పోతే గొంతు వాచి ఊపిరి ఆడదు. తరువాత కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు లేదు. ఆంధ్ర రాష్ట్రంలో ఆసుపత్రులు ఇలాంటి కేసులు ఎన్నో చూశాయి. కాబట్టి మిగిలిన రంగు ఇంట్లో దాచవద్దు, పిల్లలకు అందనీయవద్దు. పొరపాటున గాని మనోవేదనలో గాని ఎవరైనా మింగితే ఒక్క నిమిషం ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి చేర్చండి. ఇంట్లో ఎవరి మనసైనా బరువెక్కి ఉంటే పక్కన కూర్చోండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు.

పసిబిడ్డల కాటుక గురించి పెద్దమ్మలు, నాయనమ్మలు కోపం తెచ్చుకోకుండా వినాలి. అంగట్లో దొరికే కొన్ని కాటుకల్లో, సుర్మాలో సీసం ఉంటుంది. బిడ్డ కళ్ళు నలుపుకొని అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. సీసం ఎదిగే మెదడుకు విషం. ఇంట్లో ఆముదం దీపపు మసితో చేసినదానిలో సీసం లేకపోవచ్చు గాని, వేలి మురికితో కన్ను పుసులు కడుతుంది. కాటుక వల్ల కళ్ళు పెద్దవి కావు. బిడ్డ కళ్ళు ఉన్నవి ఉన్నట్టే చక్కగా ఉంటాయి.

తప్పు షాపువాడిది మాత్రమేనా?

ఇంతవరకు చదివి షాపువాళ్ళను, కంపెనీలను తిట్టుకుని ఊరుకుంటే ప్రయోజనం లేదు. చీటీ లేకుండా ట్యూబు అమ్మడం తప్పే. కాని ఆ ట్యూబు అడగడానికి ఆడపిల్లను పంపింది ఎవరు? బిడ్డ పుట్టగానే “ఎవరి పోలిక?” అని అడిగేలోపే “రంగు తక్కువే” అంటాము. సంబంధం మాట్లాడేటప్పుడు చదువు, గుణం కంటే ముందు రంగు అడుగుతాము. సంఘంలో పదిమందీ కూర్చున్న చోట “ఎండలో తిరిగి నల్లబడ్డావేమే?” అని నవ్వుతాము. మన నోటి మాటలే ఆ క్రీముకు ఉచిత ప్రకటనలు. 1975లో మన దేశంలో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చుకుంది. ఆ క్రీములో పాదరసం ఉందని ఇక్కడ అనడం లేదు. కంపెనీ “ఫెయిర్” అనే మాట వదిలేసింది గాని మనం వదల్లేదని మాత్రమే చెప్పడం. ఇప్పుడు మగపిల్లలు కూడా ఇదే బాటలో ఉన్నారు.

“మీకేమండీ, చెబుతారు. మా పిల్లకు సంబంధం కుదరాలి కదా” అని తల్లులు అంటారు. ఆ బాధ అబద్ధం కాదు. కాని లెక్క వేసి చూడండి. స్టిరాయిడ్ మెరుపు కొద్ది వారాలే. ఆ తరువాత మొటిమలు, ఎర్రని నరాలు మిగిలితే అవి పెళ్ళిచూపులకు అడ్డు రావా? పెళ్ళి కోసం రాసిన పాదరసం రేపు ఆ పిల్ల కడుపులో పెరిగే బిడ్డను చేరితే మనం సాధించినదేమిటి? రంగు తక్కువని కాదనే ఇల్లు, పెళ్ళయ్యాక ఆమెను సుఖపెడుతుందన్న నమ్మకం ఏమిటి?

మనం చేయగలిగినవి

• తయారీదారు పేరు, పూర్తి చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ, కలిపిన పదార్థాల జాబితా లేని డబ్బా కొనవద్దు. విదేశీ సరుకైతే తెప్పించినవారి పేరు, రిజిస్ట్రేషను నంబరు కూడా ఉండాలి.

• పదార్థాల్లో మెర్క్యురీ, కాలొమెల్ అనే మాటలు కనిపిస్తే వెంటనే మానండి. వారంలో తెల్లబరుస్తామన్న ఏ క్రీమునూ నమ్మవద్దు.

• చాలాకాలంగా స్టిరాయిడ్ రాస్తున్నవారు సొంతంగా మానుకోవడానికి తంటాలు పడవద్దు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మానాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

• మూత్రం నురగ కట్టినా, పొద్దున్నే ముఖం, పాదాలు వాచినా మూత్ర పరీక్ష చేయించుకోండి. వాడే క్రీము డబ్బాను వెంట తెచ్చి డాక్టరుకు చూపించండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మిమ్మల్ని ఎవరూ తిట్టరు.

• మందుల షాపు నడిపే సోదరులకు ఒక మనవి. ఆ చీటీ అడగండి. ఒక అమ్మకం పోతుంది గాని ఒక ముఖం నిలుస్తుంది.

• ఎండలో పనికి వెళ్ళేటప్పుడు తలగుడ్డ, నిండు చేతుల చొక్కా వేసుకోండి. అన్ని క్రీముల కన్నా ఇవి చవక, మేలు.

చివరిగా ఒక విన్నపం. ఈ వారం మీ ఇంట్లో అద్దం దగ్గరున్న డబ్బాలన్నీ తీసి, వాటి మీద రాసినది మీ పిల్లల చేత పైకి చదివించండి. చదవడానికి ఏమీ లేని డబ్బా ఇంట్లో ఉండనవసరం లేదు. అలాగే ఈ వారం ఏ ఆడపిల్ల రంగు గురించీ ఒక్క మాట అనకుండా ఉండి చూడండి. రెండవది కష్టమే. కాని అది అలవాటైన రోజున మొదటిదాని అవసరం చాలావరకు తీరిపోతుంది.