వేడి టైరులో గాలి తీయించకండి!

ఊరికి బయల్దేరుతున్నామంటే మనకెన్ని పనులు! పులిహోర కట్టాలి, మంచినీళ్ళు పెట్టుకోవాలి, గ్యాసు కట్టేశామో లేదో చూడాలి, పాలబ్బాయికి చెప్పాలి. కారు టైర్ల సంగతి మాత్రం ‘ఆయన చూసుకుంటార్లే’ అని వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేసేదాన్ని. కిందటి వేసవిలో జరిగిన ఒక సంఘటనతో ఆ పని నా జాబితాలో మొదటికొచ్చింది.

మా ఆడపడుచు కూతురి పెళ్ళికి విజయవాడ నుంచి హైదరాబాదు బయల్దేరాం. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను. సూర్యాపేట దగ్గర పెట్రోలు బంకులో ఆగినప్పుడు మావారు ‘పనిలో పని, గాలి కూడా చూపిద్దాం’ అన్నారు. అక్కడి కుర్రాడు మీటరు పెట్టి ‘33 ఉండాల్సింది 37 ఉంది సార్, ఎక్కువైంది’ అన్నాడు. ‘అయితే తీసెయ్’ అన్నారీయన. నాలుగు టైర్లలోనూ బుస్సుమని గాలి తీసేశాడు. ఏదో మంచిపని చేసినట్టే సంతోషించి ముందుకు సాగాం.

పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం. వీధి మలుపు తిప్పుతుంటే స్టీరింగు బరువుగా ఉందని మావారు గొణిగారు. పక్కనే ఉన్న టైర్ల షాపులో ఆపాం. షాపు పెద్దాయన మీటరు పెడితే నాలుగింట్లోనూ 29 దాటలేదు! ‘ఇంత బరువుతో, ఈ ఎండలో, ఈ గాలితో హైవే ఎక్కుతారామ్మా? వెనక పిల్లలున్నారు కదా!’ అని మందలించాడు. నా గుండె ఝల్లుమంది.

మరి ఆ గాలంతా ఏమైంది? ఎక్కడికీ పోలేదు, మనమే తీయించేశాం! కారు నడుస్తున్నప్పుడు టైరు వేడెక్కుతుంది. మూత బిగించిన కుక్కరులో వేడి పెరిగితే ఒత్తిడి పెరిగినట్టే, టైరులో బందీగా ఉన్న గాలికీ ఒత్తిడి పెరుగుతుంది. అరగంట, గంట హైవే మీద నడిస్తే 3 నుంచి 5 పాయింట్లు పెరగడం మామూలే. కంపెనీవాళ్ళు ఆ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకుని, చల్లటి టైరుకు ఎంత గాలి ఉండాలో చెబుతారు. అంటే ఆ రోజు మీటరులో కనిపించిన 37 తప్పేం కాదు. వేడి మీద దాన్ని 33కి దించితే, టైరు చల్లారాక 29కి పడిపోయిందన్నమాట.

‘గాలి తక్కువైతే టైరు మెత్తగా ఉంటుంది, పేలదు’ అని చాలామంది అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు సుమండీ! ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి. వంచినచోట చురుక్కుమంటుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడలు చక్రం తిరిగిన ప్రతిసారీ అలాగే నలుగుతాయి. బరువు, వేగం, ఎండ తోడైతే ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పేలవచ్చు.

ఇక రోడ్డు మీద పట్టు సంగతి. అంత పెద్ద కారునీ రోడ్డుకు అంటిపెట్టుకుని ఉంచేది ఒక్కో టైరు కింద ఇంచుమించు మన అరచేయంత చోటే. గాలి సరిగ్గా ఉంటే ఆ అరచేయి నేలమీద సమంగా ఆనుతుంది. తక్కువైతే భారమంతా అంచుల మీద పడి మధ్యభాగం తేలిపోతుంది. ఎక్కువైతే మధ్యభాగం ఒక్కటే ఆనుతుంది. ఎలా అయినా మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది. వానలో మరీ ప్రమాదం. టైరు గాళ్ళు నీటిని పక్కలకు తోసెయ్యాలి. గాలి తక్కువై, గాళ్ళు అరిగి, వేగం కూడా ఎక్కువైతే టైరు నీటి మీద తేలి జారిపోతుంది. తొలకరి జల్లుకు రోడ్డు మీది దుమ్మూ, నూనె మరకలూ కలిసి ఇంకా జారుడుగా ఉంటుంది. అప్పుడు స్టీరింగు వెయ్యడం, బ్రేకు తొక్కడం రెండూ నెమ్మదిగానే చెయ్యాలి.

అందుకే ఈ నాలుగు ముక్కలూ గుర్తుంచుకోండి.

* గాలి ఎప్పుడూ చల్లటి టైరుకే చూడాలి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఇంటి దగ్గరి బంకుదాకా రెండు మూడు కిలోమీటర్లే నడిచి ఉండాలి.

* ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద స్టిక్కరు ఉంటుంది. కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపల ఉంటుంది. ఇద్దరికి ఒక అంకె, నిండా మనుషులూ సామానూ ఉంటే ఇంకో అంకె ఉంటాయి. రెండూ చూడండి.

* దారిలో వేడి టైరులో గాలి ఎక్కువ చూపించినా తీయించకండి. వేడి మీద కూడా స్టిక్కరు అంకె కన్నా తక్కువ చూపిస్తే మాత్రం గాలి కొట్టించాల్సిందే. చల్లారాక మళ్ళీ చూడండి.

* నైట్రోజన్ నింపిస్తే ఒత్తిడి పెరగదని కొందరంటారు. మామూలు గాలిలోనే దాదాపు 78 శాతం నైట్రోజన్ ఉంది! వేడికి అదీ పెరుగుతుంది.

నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా చూపించండి. స్టెప్నీని మర్చిపోకండి. టైరు గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న అడ్డగట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి వాటితో సమానమైందంటే మార్చే టైమొచ్చినట్టే. మీరు నడిపే స్కూటీకీ ఇవే జాగ్రత్తలు.

ఇప్పుడు మా ఇంట్లో గాలి మీటరు పోపులపెట్టె పక్క అరలోనే ఉంటుంది. ప్రయాణం రోజు పొద్దున్నే కాఫీ కలిపేలోగా మా పెద్దమ్మాయి నాలుగు టైర్లూ చూసి అంకెలు చెప్పేస్తుంది. ఉప్పు సరిపోయిందో లేదో చూడకుండా కూర వడ్డించం కదా! పిల్లల్ని ఎక్కించే బండిని చూడకుండా ఎలా పంపిస్తాం చెప్పండి?