ఆటల బడి సీటుకు మూడు రోజుల కూలి

మూడో తరగతి పూర్తిచేసిన పిల్లవాడికి సర్కారు క్రీడా పాఠశాలలో సీటు దొరికితే చదువు, తిండి, బస, శిక్షణ అన్నీ ఉచితమే. హకీంపేట క్రీడా పాఠశాల 1993లో వెలసింది. ఆ తరువాత కరీంనగర్, ఆదిలాబాద్‌లలో కూడ ఇటువంటి బడులు వచ్చాయి. ఈ మూడింటిలో ఒక్కటీ నల్లగొండ, పాలమూరు గడ్డ మీద లేదు. లేకపోతే పోనీ, ఉన్న సీట్లకు పోటీపడే అవకాశమైనా ఈ ప్రాంతపు పల్లె పిల్లలకు సరిగ్గా దక్కుతున్నదా అన్నదే ప్రశ్న.

ఎంపికకు మూడు మెట్లున్నాయి. మొదట మండలంలో, తరువాత జిల్లాలో, చివరకు రాష్ట్ర స్థాయిలో పరీక్షలు పెడతారు. దరఖాస్తుకు రుసుము ఉన్నా లేకున్నా, ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒంటరిగా బస్సెక్కి పోలేడు కదా! వెంట ఒకరు రావాలి. ఈ ఎంపికలు సాధారణంగా బడులు తెరిచిన కొద్ది రోజులకే జరుగుతాయి. అవి సరిగ్గా పత్తి విత్తే రోజులు. మూడు మెట్లూ ఎక్కితే మూడు రోజుల కూలి పోయినట్లే. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి చార్జీ లేదు గనుక తల్లీ కూతురూ వెళితే తిండి ఖర్చుతో సరిపోతుంది. తండ్రీ కొడుకూ వెళితే ఒక టికెట్టు, ఒక అర టికెట్టు. దేవరకొండ నుంచి నల్లగొండకు సుమారు 60 కిలోమీటర్లు. తండాల నుంచి దేవరకొండ చేరడమే ఒక ప్రయాణం. ఉదయం పెట్టే పరుగు పందేనికి తెల్లవారుజామున ఇల్లు కదిలిన పిల్లవాడు నిద్రమొహంతో, ఖాళీ కడుపుతో గీత మీద నిలబడతాడు. పట్నం పిల్లవాడు ఇంట్లో పాలు తాగి వచ్చి పక్కన నిలబడతాడు. గడియారం ఇద్దరికీ ఒక్కటే.

ఇంతకూ ఆ పరీక్షల్లో ఏమి చూస్తారన్నది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఖోఖో, కబడ్డీ ఆడించి చూస్తారేమోనని అనుకుంటారు. అది కాదు. ఎత్తు, బరువు కొలుస్తారు. కొంత దూరం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి 30 మీటర్లు ఎంత వేగంగా దాటాడో చూస్తారు. 10 మీటర్ల దూరాన్ని ఆరుసార్లు అటూ ఇటూ పరుగెత్తిస్తారు. నిలబడిన చోటినుంచి ముందుకు, పైకి దూకిస్తారు. బరువు బంతి విసిరిస్తారు. నడుము ఎంత వంగుతుందో చూస్తారు. 800 మీటర్లు పరుగెత్తిస్తారు. అంటే పిల్లవాడికి ఏ ఆట వచ్చునన్నది కాదు, ఏ ఆటకు పనికివచ్చే ఒళ్లు ఉన్నదన్నదే లెక్క. చెట్లెక్కి, బావుల్లో ఈది, మేకల వెంట తిరిగిన పిల్లవాడికి ఇందులో వెనుకబడవలసిన అవసరం లేదు. అయితే ఆ పనులు ఒక్కసారైనా చేసి చూసి ఉండాలి. 800 మీటర్లలో మొదటి వంద మీటర్లే ప్రాణం పెట్టి ఉరికి, సగంలో కూలబడే పిల్లలు ఎక్కువ. మెల్లగా మొదలుపెట్టాలని చెప్పేవారు లేకపోవడమే అందుకు కారణం.

అసలు లోపం ఇక్కడే ఉంది. పరీక్ష మూడో తరగతి ముగించిన పిల్లలకు. వారుండేది ప్రాథమిక పాఠశాలలో. వ్యాయామోపాధ్యాయుల పోస్టులేమో ప్రాథమిక పాఠశాలల్లో లేవు, హైస్కూళ్లలో ఉన్నాయి. పిల్లవాడి పరుగు చూసి గుర్తుపట్టవలసిన సారు ఆ పిల్లవాడున్న బడిలో లేడన్నమాట! ఇద్దరు పంతుళ్లతో ఐదు తరగతులు నడిచే బడిలో, బరువు బంతి గురించి పంతులమ్మ ఏమి చెబుతుంది? ఎంపిక ప్రకటన వచ్చిన సంగతే తెలియని బడులూ ఉంటాయి. ప్రతి స్కూల్ కాంప్లెక్సుకు ఒక హైస్కూలు ఉంది. అక్కడి వ్యాయామోపాధ్యాయుని వేసవి సెలవులకు ముందే నెలకు రెండు పూటలు చుట్టుపక్కల ప్రాథమిక బడులకు పంపితే చాలు. ఇందుకు కొత్త పోస్టు, కొత్త భవనం అక్కరలేదు. జిల్లా విద్యాశాఖాధికారి ఉత్తర్వు ఒకటి కావాలి.

గుర్తుపట్టే కన్ను ఎంత పని చేస్తుందో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని చూస్తే తెలుస్తుంది. కూలి పనిచేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. బుద్ధిమాంద్యం ఉన్నదని ఊళ్లో ఎగతాళికి గురైంది. బడిలో వ్యాయామోపాధ్యాయుని కంట పడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. టీ కొట్టు నడుపుకునే తండ్రి కూతురు అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. వీరిద్దరికీ తోవ చూపింది డబ్బు కాదు, బడి.

2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. మంచి ఆలోచనే. కొన్ని చోట్ల బోర్డు మాత్రం నిలిచి, నేల మీద తుమ్మ ముళ్లు మొలిచాయి. పంచాయతీ కార్యదర్శి ఒక పూట ఉపాధి హామీ కూలీలతో ఆ ముళ్లు తీయించి, సున్నంతో 30 మీటర్ల గీత గీయిస్తే పిల్లలు సాయంత్రం తమంత తామే పరుగెత్తుతారు. పిల్లలను పరుగెత్తించడానికి ఎవరూ బతిమాలనక్కరలేదు, ఆపడానికే బతిమాలాలి.

కాగితాల బాధ వేరు. వయసు కచ్చితంగా చూస్తారు గనుక జనన ధ్రువపత్రం లేనిదే పని జరగదు. బడి రిజిస్టరులో ఒక తేదీ, ఆధార్‌లో మరొక తేదీ ఉన్న పిల్లలు కోకొల్లలు. మక్తల్, కోస్గి ప్రాంతాల నుంచి పుణె, ముంబయి వలస వెళ్లినవారి పిల్లలకు ఇంకా చిక్కు. పుట్టింది అక్కడ, పత్రం అక్కడ, పిల్లవాడు ఇక్కడ నాయనమ్మ దగ్గర. ఎంపిక నాటికి కాదు, పిల్లవాడు రెండో తరగతిలో ఉండగానే ఈ తేదీలు సరిచూసుకోవడం తల్లిదండ్రుల వంతు. సర్పంచులు, కార్యదర్శులు ఈ విషయం గ్రామసభలో ఒక్కసారి చెప్పినా మేలు.

"ఆటలు అన్నం పెడతయా?" అన్న ప్రశ్న పల్లెల్లో వినపడుతూనే ఉంది. అది తప్పు ప్రశ్న కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రతిభ గల క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. అయితే అది ఆటల బడిలో చదివిన ప్రతివారికీ కాదు. కోటా ఆశ చూపి పిల్లవాడిని పంపడం పొరపాటు. మోకాలు దెబ్బతిన్నా, ఎత్తు పెరగకపోయినా చేతిలో మిగిలేది పదో తరగతి చదువు. అందుచేత ఆ బడుల్లో పాఠాలు ఎట్లా సాగుతున్నాయో తల్లిదండ్రులు అడగాలి, అధికారులు చెప్పాలి.

ఖోఖో తప్ప మరొకటి ఎరగని పిల్లవాడిని అక్కడ జిమ్నాస్టిక్స్‌లోనో, పడవ నడపడంలోనో పెట్టవచ్చు. తొలకరి తప్ప నీళ్లు చూడని పాలమూరు పిల్లవాడు తెడ్డు వేయడం చిత్రమే అయినా చెడ్డ సంగతి కాదు. కాని ఆ సంగతి ఇంటివారికి తెలియాలి. ఎనిమిదేళ్ల బిడ్డను వదలి వచ్చిన తల్లికి, వారానికి ఒకసారి గొంతు వినే ఏర్పాటు, ఏ రోజు చూడరావచ్చునో తెలిపే తెలుగు కాగితం, దెబ్బ తగిలితే ఎవరు కబురు చేస్తారన్న భరోసా ఉండాలి. ఆడపిల్లల తల్లులు ముందుగా అడిగేది పతకాల సంగతి కాదు, రాత్రిపూట హాస్టల్లో ఎవరుంటారని. దానికి జవాబు ఎంపిక మైదానంలోనే, సీటు ఖాయం కాకముందే చెప్పాలి.

జిల్లా స్థాయికి ఎంపికైన ప్రతి పిల్లవాడికీ, వెంట వచ్చిన ఒకరికీ ముందు రాత్రి బసకు జిల్లా కేంద్రంలోని సంక్షేమ హాస్టల్లో ఒక గది, రెండు పూటల అన్నం ఏర్పాటు చేయడం కలెక్టర్ల చేతిలోని పని. మండలం నుంచి వచ్చేది కొద్దిమంది పిల్లలే.