పాతబడిన భవిష్యత్తు పాట

రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు ఈ నెల విశ్రాంతి తీసుకుంటాయి. డాక్టరుకి పాటల గొడవెందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. చెవి కూడా శరీరంలో భాగమేనని మనవి.

రోజూ చూస్తూ మనం చూడడం మానేసిన కువైట్ టవర్స్ సంగతి తీసుకోండి. 1979లో తెరిచారు. పెద్దదాని ఎత్తు 187 మీటర్లు. నీలం, ఆకుపచ్చ రేకులు తాపిన ఆ గోళాలు రాబోయే కాలం ఎలా ఉంటుందని అప్పటివారు ఊహించారో చెబుతాయి. ఆ రాబోయే కాలం వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. గోళాలు మాత్రం ఇంకా రేపటికోసం చూస్తున్నట్టే నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే ముచ్చటా వేస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది. సరిగ్గా ఆ దిగులునే పాటల్లో పెట్టినావిడ ఈ ఊళ్ళోనే పెరిగింది. పేరు ఫాతిమా అల్ ఖాదిరి. చిత్రకారిణి, కథా రచయిత్రి సురయ్యా అల్ బక్సమీ గారి కుమార్తె.

2012లో ఈవిడ 'డెజర్ట్ స్ట్రైక్' అనే చిన్న రికార్డు విడుదల చేసింది. దాని వెనక కథ ఇది. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. ఆ ఆక్రమణ కాలమంతా ఇక్కడే గడిపింది. యుద్ధం ముగిశాక, 1992లో, ఒక అమెరికా కంపెనీ అదే పేరుతో వీడియో గేము అమ్మకానికి పెట్టింది. గల్ఫ్ ఎడారి మీద హెలికాప్టరు నడుపుతూ శత్రువుల్ని కాల్చాలి. ఇంటి బయట జరిగిన యుద్ధం ఇంట్లో టీవీ మీద ఆటగా తిరిగొచ్చింది. ఆ పిల్ల దాన్ని ఆడింది. ఇరవై ఏళ్ళ తర్వాత పాటలు కట్టింది.

పాటలన్నానే గాని, వీటిలో సాహిత్యం లేదు. వీణ, వయొలిన్లకు అలవాటుపడిన చెవికి మొదట ఏమీ అందదు. కంప్యూటరు బృందగానం ఒకటి వినిపిస్తూ ఉంటుంది. గొంతులు మనుషులవే అనిపిస్తుంది, కాని ఎవరూ ఊపిరి తీసుకోరు. (నా వృత్తి కారణంగా ముందు అదే గమనించాను.) ఒక పాట పేరు 'ఆయిల్ వెల్', ఇంకొకటి 'వార్ గేమ్స్'. ఆ శబ్దాలన్నీ తొంభైలనాటి ఆట యంత్రాలవి. ఇప్పుడు అవి అమాయకంగా, పాతగా వినిపిస్తాయి. భయం కూడా ఆ అమాయకత్వంలోనే ఉంది.

ఇదే కాలంలో మనవైపు ఏం జరుగుతోంది? 1991 జులైలో 'ఆదిత్య 369' వచ్చింది. సింగీతం వారు కాలయంత్రం ఎక్కించి మనల్ని 2504కి తీసుకెళ్ళారు. ఇళయరాజా గారి సంగీతం సరే సరి. టీవీలో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు చూశాం. ఆంధ్రదేశం హాళ్ళలో భవిష్యత్తుకి ఈలలు వేస్తున్న ఆ రోజుల్లోనే ఇక్కడ చమురు బావులు మండుతున్నాయి. ఆరువందలకు పైగా బావులు. చివరిది ఆరింది నవంబరులో. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూడాలని నాకు ఈ రికార్డు విన్నాకే తోచింది.

1990లో సుమారు లక్షా డెబ్భై వేలమంది భారతీయులు అమ్మాన్ మీదుగా ఇల్లు చేరారు. మన ఇళ్ళలో ఆ కథలు ఇప్పటికీ చెప్పుకుంటాం. అన్నీ వెళ్ళిపోయిన కథలే. ఉండిపోయిన ఇంట్లో ఒక పిల్లకి ఏం వినిపించిందో మనం అడగలేదు. మనతో పని చేసే కువైటీల్లో చాలామంది ఆనాటి పిల్లలే, టీ తాగుతూ ఎన్ని కబుర్లు చెప్పుకున్నా ఆ మాట రాదు.

మరి మన పిల్లలు? వీసా ఉన్నన్నాళ్ళే ఇక్కడ మన కాపురం. పన్నెండో తరగతి అయ్యాక వాళ్ళు ఎక్కడికో వెళతారు. వాళ్ళ చెవుల్లో మిగిలేది మన ఊరి కోయిల కాదు. ఏసీ హోరు, మాల్‌లో వినిపించే పాట, వీడియో గేము. అందుకే ఈ సంగీతం వాళ్ళకి ఇట్టే పట్టుబడుతుందని నా నమ్మకం. "ఏమిటా గోల" అనకుండా ఒకసారి పక్కన కూర్చుని వినండి.

ఆ రోజుల్లో ఇక్కడే ఉన్న పెద్దలకు మాత్రం ఒక సలహా. శబ్దం తగ్గించి, పగటిపూట వినండి.