ఇంటిపేరు తెలియని సాఫ్ట్‌వేర్

1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటంలో ఒక చిన్న వ్యాసం అచ్చయింది. రాసింది పాతికేళ్ల తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. చేతిలో ఉన్న సమాచారంతో వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు గీసిన ఆ వ్యాసమే సి.ఆర్. రావు పేరును ప్రపంచానికి పరిచయం చేసింది. 78 ఏళ్ల తర్వాత, 2023లో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ తెచ్చిపెట్టిందీ అదే. ఆ ఏడాది ఆగస్టులోనే 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇంత పేరున్న వ్యాసం వివరాలు కూడా అందరి దగ్గరా ఒకేలా లేవు. అది ముగిసేది 89వ పేజీలోనని కొన్ని జాబితాలు, 91లోనని మరికొన్ని చెబుతాయి. రాధాకృష్ణ కొన్నిచోట్ల రాడకృష్ణ అయ్యారు. పరిశోధకులు వాడే రిఫరెన్స్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ చేసే పని, ఇలాంటి వివరాలను ఇంటర్నెట్ నుంచి ఒక్క క్లిక్‌తో లాక్కొచ్చి దాచిపెట్టడం, థీసిస్ రాసేటప్పుడు కోరిన పద్ధతిలో గ్రంథసూచి పేర్చిపెట్టడం. మంచి సౌకర్యమే. కాకపోతే తప్పుల్నీ అంతే వేగంగా మోసుకొస్తుంది.

అసలు చిక్కు పేరుతో. ఎండ్‌నోట్ అయినా, జొటెరో అయినా, మెండలీ అయినా పేరును రెండు గదుల్లో పెడతాయి: ఇంటిపేరు, సొంతపేరు. చివర ఉన్న మాటే ఇంటిపేరని వాటి నమ్మకం. కల్యంపూడివారి అబ్బాయి ఆ లెక్కన రావుగారింట్లో పుట్టినట్టే. తెలుగునాట ఇంటిపేరు ముందుంటుందని, రావు, రెడ్డి, చౌదరి పేరు చివర తోకలేనని సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు. ఫలితంగా ఆర్ అక్షరం కింద రావులందరూ ఒకే వరసలో నిలబడతారు, ఎవరు ఏ రావో తేల్చుకోవడం చదివేవాడి తలనొప్పి. సి.ఆర్. రావు విషయంలో ప్రపంచమంతా రావు అనే వాడుకకు అలవాటు పడింది కాబట్టి మార్చనక్కర్లేదు. మిగతావారి సంగతి వేరు. జొటెరోలో రెండు గదుల్ని కలిపి ఒకే గదిగా మార్చే వీలుంది; మొదటి రోజే అది నేర్చుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది.

బెంగాలీలకు ఇంటిపేరు చివరే వస్తుంది కదా, వారికి హాయి అనుకుంటే పొరపాటు. బంకించంద్రులు ఒక పుస్తకం మీద చటర్జీ, ఇంకో పుస్తకం మీద చట్టోపాధ్యాయ. యంత్రం లెక్కలో ఇద్దరు రచయితలు. నిజానికి కోల్‌కతాకు ఈ తంటా కొత్త కాదు. 1950ల చివర్లో అక్కడి సెంట్రల్ రిఫరెన్స్ లైబ్రరీ నుంచి ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ మొదలైనప్పుడు, తెలుగు, బెంగాలీ సహా అన్ని భాషల పుస్తకాలనూ రోమన్ లిపిలో ఒకే వరసలోకి తేవడానికి లైబ్రేరియన్లు కుస్తీ పట్టారు. నేషనల్ లైబ్రరీ పేరుతోనే ఒక లిప్యంతరీకరణ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పరిశోధక విద్యార్థి ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ముందుగా ఒక స్పెల్లింగ్ పద్ధతిని ఖాయం చేసుకోక తప్పదు. ఆ పని ఏ బటనూ చేసిపెట్టదు.

ఇక ఎంపిక. ఎండ్‌నోట్ పాత కాపు, పెద్ద ప్రాజెక్టులకు దిట్ట, కానీ సొంతంగా కొనాలంటే వేలల్లో ఖర్చు. యూనివర్సిటీ లైసెన్సు మీద వాడేవారికి ఆ సదుపాయం చదువు ఉన్నంతకాలమే. జొటెరో ఉచితం, అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ చరిత్ర విభాగంవారు 2006లో తెచ్చారు. ఆన్‌లైన్‌లో ఉచితంగా దక్కే చోటు మాత్రం 300 ఎంబీయే. పాత పుస్తకాల స్కాన్లు దాచుకునేవారికి అది చటుక్కున నిండిపోతుంది, కాబట్టి ఫైళ్లను సొంత కంప్యూటర్‌లోనే ఉంచుకోవడం మేలు. లేటెక్‌లో రాసే గణిత, గణాంక విద్యార్థులకు జాబ్‌రెఫ్ చాలు. అయితే పాత బిబ్‌టెక్ ప్రోగ్రామ్ తెలుగు లిపిని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు.

సౌకర్యాలకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది: ఐదేళ్లు కూడబెట్టిన నోట్సు, రిఫరెన్సులు ఎవరి చేతిలో ఉంటాయి? ఎండ్‌నోట్ తయారుచేసిన స్టైల్ ఫైళ్లను జొటెరో చదవగలిగేసరికి, అప్పటి యజమాని థామ్సన్ రాయిటర్స్ 2008లో జార్జ్ మేసన్ యూనివర్సిటీ మీద కోర్టుకెక్కింది. అడిగిన పరిహారం ఏడాదికి కోటి డాలర్లు. 2009లో కేసు కొట్టేశారు. మెండలీ కథ ఇంకా నేర్పేది. ఎల్సెవియర్ పోకడల మీద వేలమంది పరిశోధకులు బహిష్కరణకు సంతకాలు పెట్టిన మరుసటి ఏడాది, 2013లో, ఆ ప్రచురణ సంస్థే మెండలీని కొనేసింది. 2018లో వాడేవారి కంప్యూటర్‌లో ఉండే డేటాబేస్‌కు ఎన్‌క్రిప్షన్ తాళం పడింది. గోప్యత కోసమే అన్నది కంపెనీ వాదన. జొటెరో నేరుగా దాన్ని చదివే దారి మాత్రం మూసుకుపోయింది. 2021లో మొబైల్ యాప్‌లు పోయాయి. 2022లో పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ ఆగిపోయింది. అందులో తప్పంతా కంపెనీదే అనలేం. ఉచితంగా ఇచ్చినదాన్ని ఎప్పుడు ఎలా మార్చాలన్నది ఇచ్చినవాడి ఇష్టం, అంతే.

మన దేశంలో దీనికి మరో కోణం ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే తిరిగి రాయాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. గ్రంథసూచి ఆ లెక్కలోకి రాదు. ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పని వాక్యం వస్తుంది. మూడేళ్ల కిందట నోట్‌బుక్‌లో ఎత్తిరాసుకున్న పేరా తమదో, ఇతరులదో గుర్తులేక ఇరుక్కునేవారికి ఈ సాఫ్ట్‌వేర్ నిజంగా అక్కరకొస్తుంది, నోట్సును మూలానికి అంటిపెట్టి ఉంచుతుంది కాబట్టి.

కనుక పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనే ఒక సాయంత్రం దీనికి కేటాయించడం మంచిది. పది రిఫరెన్సులు ఎక్కించాలి. వాటిలో ఒక తెలుగు పుస్తకం, ఒక బెంగాలీ అనువాదం, ఇంటిపేరు ముందున్న ఒక రచయిత, డీఓఐ లేని ఒక పాత వ్యాసం ఉండాలి. తర్వాత అన్నిటినీ ఆర్‌ఐఎస్ లేదా బిబ్‌టెక్ ఫైలుగా బయటికి తీసి, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి. ఎన్ని పేర్లు తలకిందులయ్యాయి, ఎన్ని నోట్సు రాలిపోయాయి, అక్షరాలు డబ్బాలుగా మారాయా లేదా అన్నది లెక్కపెట్టుకోవాలి. పాత వ్యాసం చివరి పేజీ 89వదో 91వదో తేల్చుకోవడానికి మాత్రం లైబ్రరీకి వెళ్లి ఆ సంపుటం తిరగేయాల్సిందే.