ఫ్లోరైడు నేలకు జిర్కోనియము అక్కరకు రావలెను

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల గ్రానైటు పొరలలో చిరకాలము నిలిచి, ఆ రాతిలోని ఫ్లోరైడును కరగించుకొని పైకి వచ్చు నీటిని త్రాగి, గారపట్టిన పండ్లతోను వంగిన వెన్నులతోను బ్రదుకీడ్చిన తరముల దైన్యము, 1955లో డాక్టరు సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించిన నాటినుండియు లోకవిదితమే. ఆ నీటిని పరీక్షించు తీరు చూడుడు. జిర్కోనియము కలిపిన గులాబివన్నె ద్రావణమును కొద్ది చుక్కలు వేయగనే, ఫ్లోరైడు అధికమైనచో నాళికలోని నీరు పసుపువన్నెకు తిరుగును. రంగుద్రవ్యమును విడిచి జిర్కోనియము ఫ్లోరైడుతో కూడుటయే ఇందుకు హేతువు. దోషమును పట్టి చూపుచున్న ఈ గుణమును, దోషమును తొలగించుటకు మనమేల వినియోగింపరాదు?

ఇందుకు పనికివచ్చు జిర్కోనియం ఆక్సైడు సామాన్యమైన పింగాణి కాదు. దాదాపు 2,700 డిగ్రీల సెల్సియసు వరకు అది కరగదు. శుద్ధరూపమున నున్నప్పుడు, చల్లారుచు 1,170 డిగ్రీల ప్రాంతమునకు దిగగనే స్ఫటికము మారి, ఉబ్బి, పగిలిపోవునుగాని, కొద్దిగా యిట్రియా (యిట్రియం ఆక్సైడు) చేర్చినచో ఆ మార్పు అణగియుండి, పగులు తలయెత్తిన చోట మాత్రమే కణములుబ్బి దానిని అదిమివేయును. అందువలననే పంటి తొడుగులకును, విమానపు టర్బైను రెక్కల పూతకును అది యోగ్యమైనది. బాయిలరు పొగలో ఆమ్లజనిని కొలుచుటకును అదియే సాధనము.

ఇది మనకు దూరపు వస్తువు కాదు. భీమునిపట్నపు తీరపుటిసుకలో జిర్కోనియపు ఖనిజమైన జిర్కాను గలదు. 1971లో హైదరాబాదున నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు జిర్కాను ఇసుకనుండి ఆక్సైడును తీసి, రియాక్టరు గొట్టముల వరకు తయారు చేయుచున్నది. పింగాణి పదార్థముల పరిశోధనకు బాలాపూరులో ఏఆర్‌సీఐ సంస్థ ఉన్నది. ఫ్లోరైడు పీడకు పేరుమోసిన మర్రిగూడెము ఈ రెంటికిని నూరు కిలోమీటర్ల లోపే.

పటిక, సున్నములతో నీటిని తేర్చు నల్లగొండ పద్ధతి నాగపూరు నీరి సంస్థవారి ఘనకార్యమే యైనను, దినదినము మోతాదు చూచి కలుపవలెను, అడుగున చేరిన మడ్డిని ఎత్తిపోయవలెను. నీటితో కూడిన జిర్కోనియం ఆక్సైడు గుళికలైతే, తమలోని హైడ్రాక్సిలును విడిచి ఫ్లోరైడును గ్రహించును. కాస్టిక్ సోడాతో కడిగినచో మరల పనికివచ్చును. వెల యెక్కువయనుట నిజమే. మిషను భగీరథ పథకముతో కృష్ణాజలము ఇంటికి వచ్చినది గదా యందురు. ఇంటికి వచ్చినది, సంతోషము. బత్తాయి తోటలో, పత్తిచేలో ఎండలో పనిచేయు కూలి మాత్రము దప్పికైనప్పుడు దోసిలి పట్టునది బోరు క్రిందనే. ప్రభుత్వము మొదట అట్టి కొన్ని బోర్లకు ఈ గుళికల జల్లెడలను అమర్చి, ఏడాదిపాటు నెలనెల నీటిని పరీక్షింపించి, ఆ లెక్కలను పంచాయితీ గోడపై వ్రాయింపవలెను; గుళికలను కడిగిన క్షారజలము మరల భూమిలోనికి ఇంకకుండ తొట్లలో పట్టించు భారమును గుత్తేదారుపై గాక తానే వహింపవలెను.