ఆప్తుడెవరు?

2018 వేసవిలో భారతదేశపు పల్లెలలో ఒక చిన్న చలనచిత్రం చేతినుండి చేతికి పాకినది. వీధిలో పిల్లలు క్రికెట్టు ఆడుతుంటారు. మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాణ్ణి ఎత్తుకొని పోతారు. చిత్రం అంతటితో ఆగుతుంది. ఆ వీధి భారతదేశంలోనిది కాదు. పాకిస్తానులోని కరాచీ నగరానిది. తప్పిపోయిన పిల్లలకొరకు అక్కడ పనిచేసే రోష్నీ అనే సంస్థ, తల్లిదండ్రులను హెచ్చరించుటకై తీయించిన చిత్రమది. మూలచిత్రంలో ఆ ఇద్దరే వెనుకకు మళ్లి వచ్చి పిల్లవాణ్ణి దింపుతారు. కరాచీ వీధులలో ఒక బిడ్డను అపహరించుటకు క్షణకాలం చాలునని తెలిపే పలకను ఎత్తి చూపుతారు. ఎవరో ఆ చివరిభాగాన్ని కత్తిరించినారు. బిడ్డలను కాపాడుకొనుడని చెప్పిన చిత్రం, బిడ్డలను ఎత్తుకుపోయే ముఠాలు ఊరిమీద పడ్డవని చెప్పే సాక్ష్యంగా మారిపోయినది.

ఆ నెలలలో ఇటువంటి వదంతులు దేశంలో పలుచోట్ల నిరపరాధుల ప్రాణాలు తీసినవి. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, నాథపంథీ డవరీ గోసావి అనే సంచారజాతికి చెందిన ఐదుగురిని, పిల్లలను ఎత్తుకుపోయేవారని భ్రమించి జనం కొట్టి చంపినారు. ఊరూరా తిరిగి భిక్షమెత్తి బ్రతికేవారు వారు. ఆ పిమ్మట అందరూ మేల్కొన్నారు. వాట్సాప్ సంస్థ ఆ నెలలోనే, వచ్చిన సందేశాన్ని భారతదేశంలో ఒకేసారి ఐదుచోట్లకు మించి పంపే వీలు లేకుండ కట్టడి చేసినది. 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేటట్లు ఆ కట్టడిని మరింత బిగించినది. ఇవి అవసరమే. కాని చదువుకొన్నవారి నోట అప్పుడు వినవచ్చినదీ, నేటికీ వినవస్తున్నదీ మరొక మాట: పల్లెజనం అజ్ఞానులు, అజ్ఞానుల చేతికి యంత్రం వచ్చినది, అందుచేత ఈ అనర్థం.

ఈ మాట నిజం కాదు. పైగా ఇందులో అహంకారం ఉన్నది. 2016 నవంబరులో కొత్తగా వెలువడిన రెండువేల రూపాయల నోటులో సూక్ష్మమైన యంత్రశకలం ఉన్నదనీ, నేలలో పాతిపెట్టినా ఉపగ్రహం దానిని పసిగట్టగలదనీ ఒక కథ పుట్టినది. దానిని దేశానికి వివరించి చెప్పినవారు రాయిన్‌పాడావారు కారు. టెలివిజను స్టూడియోలలో కోటు తొడుక్కొని కూర్చున్న విద్యావంతులు. రిజర్వు బ్యాంకు ప్రకటించిన నోటు లక్షణాలలో అటువంటిది లేనేలేదు. ఇక యంత్రమే దోషి అనేవారు 1995 సెప్టెంబరు 21ని తలచుకోవలెను. వినాయకుడు పాలు త్రాగుతున్నాడన్న వార్త ఆ ఒక్కనాడే దేశమంతటా వ్యాపించినది. అప్పటికి సామాన్యుని జేబులో ఫోను లేదు.

సాహిత్యాభిమానుల సంగతి ఇంకొకటి. మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిషు పార్లమెంటులో చేసినాడని చెప్పబడే ఒక ప్రసంగభాగం మన సభలలోను, ముందుమాటలలోను ఎన్నిసార్లు దర్శనమిచ్చినదో లెక్కలేదు. భారతదేశమంతా తిరిగినాననీ, ఒక్క బిచ్చగానినైనను, ఒక్క దొంగనైనను చూడలేదనీ, ఈ జాతి వెన్నెముకయైన సంస్కృతిని విరిచితే తప్ప దీనిని జయించలేమనీ అతడన్నట్లు అందులో ఉన్నది. ఆనాడు మెకాలే లండనులో లేడు; గవర్నరు జనరలు మండలి సభ్యుడుగా కలకత్తాలో ఉన్నాడు. ఆ తేదీ వేసి అతడు వ్రాసిన విద్యాపత్రం నేటికీ లభిస్తున్నది. అందులో ఈ వాక్యాలు లేవు. సంస్కృత, అరబ్బీ వాఙ్మయాలపట్ల అతనికిగల నిజమైన తిరస్కారం ఆ పత్రంలో పుష్కలంగా ఉన్నది. దానిని చదివి ఖండించుటకు ఓపిక లేక, అతడు అనని మాటలను అతని నోట పెట్టి, వాటిమీద ఆగ్రహించుట సులభమైన దేశభక్తి అయిపోయినది. ఎం.ఏ. పట్టాలు ఉన్నవారు ఈ పని చేస్తూ, కత్తిరించిన చిత్రాన్ని నమ్మిన రైతును నిరక్షరాస్యుడని ఎట్లు అనగలరు?

అక్షరాలు కూడబలుక్కొనుట వేరు, చదువుట వేరు. సమాచార అక్షరాస్యత, మాధ్యమ అక్షరాస్యత అని ఇప్పుడు గంభీరమైన పేర్లతో పిలుస్తున్నది ఈ రెండవదానినే. దీనికి కావలసిన పనిముట్లు ఈ దేశానికి కొత్తవి కావు. ఒక గ్రంథం తాత్పర్యం నిర్ణయించుటకు మన మీమాంసకులు, వేదాంతులు ఆరు గుర్తులు చెప్పినారు. వాటిలో మొదటిది ఉపక్రమోపసంహారాల పొందిక. ఆరంభాన్నీ, ముగింపునూ కలిపి చూడనిదే మధ్యనున్నదాని అర్థం తేలదు. కరాచీ చిత్రంలో కత్తిరించినది సరిగా ఆ ఉపసంహారాన్నే. దీనికి ముందేమున్నది, తరువాతేమున్నది అని ఒక్కడు అడిగి ఉంటే ఆ చిత్రం అక్కడే ఆగిపోయేది.

న్యాయదర్శనం మరింత సూటిగా చెప్పినది. గౌతముని సూత్రాలు మాటను ప్రమాణంగా అంగీకరించినవి గాని, ఆప్తుడు చెప్పిన మాటనే. ఆప్తుడెవరు? విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరేవాడు అని భాష్యకారుడైన వాత్స్యాయనుని వివరణ. ఋషికి గాని, ఆర్యునికి గాని, మ్లేచ్ఛునికి గాని ఈ లక్షణం సమానమేనని కూడ ఆయన చెప్పినాడు. పుట్టుకను బట్టి గాక, ఎరుకను బట్టి, చిత్తశుద్ధిని బట్టి నమ్మిక. తెలుగులో ఈ పదానికి ఏమి జరిగినదో చూడవలెను. మనకు ఆప్తుడనగా దగ్గరివాడు, అయినవాడు, మిత్రుడు. శాస్త్రంలో విశ్వసింపదగినవాడు వాడుకలో అయినవాడుగా మారినాడు. ఫోనులోని సందేశానికి బలమంతా ఇక్కడనే ఉన్నది. అది పంపినవాడు మేనమామ. లేదా కాలేజీనాటి స్నేహితుడు, గుడి కమిటీ పెద్ద. మేనమామ అబద్ధమాడడు. నిజమే. కాని మేనమామ చూడలేదు కదా! అతనికి మరొక మేనమామ పంపినాడు.

ఇది విని, అన్నీ మన శాస్త్రాలలోనే ఉన్నవని మురిసిపోయేవారికి ఒక ప్రశ్న: వీటిని నేర్పుతున్నది ఎవరు? తెలుగు పరీక్షాపత్రంలో సందర్భసహిత వ్యాఖ్య అని ఒక ప్రశ్న తరతరాలుగా వస్తున్నది. హిందీ బడులలో దీనినే సప్రసంగ వ్యాఖ్య అంటారు. ఈ వాక్యం ఎవరిది, ఎక్కడిది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, దాని భావమేమి? మాధ్యమ అక్షరాస్యతకు ఇంతకంటె మంచి ప్రశ్నావళిని ఏ నిపుణుడూ తయారుచేయలేడు. కాని బజారులో దొరికే గైడు ఈ ప్రశ్నకు జవాబు ముందే అచ్చువేసి ఇస్తుంది. విద్యార్థి దానిని కంఠస్థం చేసి, మార్కులు తెచ్చుకొని, ఆ పుస్తకంతోపాటు ఆ ప్రశ్నను కూడ పాతకాగితాలవానికి అమ్మివేస్తాడు. ఆ సాయంకాలమే ఫోనులో వచ్చిన వాక్యానికి సందర్భమేమిటని అడగవలెనని అతనికి తోచదు; తోచేటట్లు ఎవ్వరూ నేర్పలేదు.

నేర్పితే వస్తుందా అని సందేహించేవారికి బీహారు రెండు సమాధానాలు ఇచ్చినది. 2019 లోక్‌సభ ఎన్నికలనాడు సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు, అక్కడ పెద్దలకు సుమారు గంటసేపు ఈ పాఠం చెప్పించి ఫలితం చూచినారు. మొత్తంమీద చెప్పుకోదగిన మార్పు లేదు. అధికారపక్షాన్ని అభిమానించేవారిలోనైతే, తమ పక్షానికి అనుకూలమైన అబద్ధాన్ని గుర్తించే శక్తి తగ్గినది కూడ. గంటసేపు ఉపన్యాసం, గోడమీద పోస్టరు, చివర ఒక ప్రతిజ్ఞ: మన ప్రభుత్వశాఖలకు మిక్కిలి ప్రీతికరమైన పద్ధతి ఇదే. ఆ పద్ధతి విలువ ఎంతో ఇక్కడ తేలిపోయినది.

రెండవ ప్రయత్నంలో ఆమెయు, తోటి పరిశోధకులును జీవిక అనే రాష్ట్రప్రభుత్వ సంస్థతో చేయి కలిపినారు. 583 గ్రామాల నుండి 13,500 మందికి పైగా బాలబాలికలు, గ్రామీణ గ్రంథాలయాలలో తరగతులు, పదునాలుగు వారాలు, మధ్యమధ్య ఇంటిపని. ఎక్కువగా ఆరోగ్యానికి సంబంధించిన వదంతులనే పాఠ్యాంశంగా తీసుకొన్నారు. పోల్చి చూచుటకై మరికొందరు పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పినారు. (మన తల్లిదండ్రులలో చాలామంది ఈ రెండవ తరగతికే పరుగెత్తి ఉండేవారు.) పాఠం నేర్చినవారు నిజానిజాలు వేరుచేయుటలో మెరుగైనారు. నాలుగు నెలల తరువాత కూడ ఆ మెరుగు నిలిచి ఉన్నది. చెప్పని రాజకీయ విషయాలకు సైతం అది ప్రాకినది. అంతకంటె విశేషం, ఆ పిల్లల తల్లిదండ్రులలో కూడ మార్పు కనబడినది. గంటలో రానిది పదునాలుగు వారాలలో వచ్చినది. దీనిలో వింత ఏమున్నది? గుణింతమైనా గంటలో రాదు.

కేరళలోని కన్నూరు జిల్లాలో 2018లో కలెక్టరు మీర్ మహమ్మదు అలీ సత్యమేవ జయతే అనే పేరుతో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలలలో ఇటువంటి తరగతులు ప్రారంభించినారు. అంతకు ముందేడు తట్టు, రుబెల్లా టీకాలపై లేచిన పుకారులకు భయపడి తల్లిదండ్రులు వెనుదీయుట దీనికి ఒక ప్రేరణ. ఆ ఏడాదే తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఊరూరికి పోలీసులను పంపి, డప్పు కొట్టించి, జానపదుల పాటలతో వదంతులను ఎదుర్కొన్నారు. ఇవి మెచ్చదగిన పనులు. కాని కలెక్టరు బదిలీ అవుతాడు, పోలీసు అధికారి బదిలీ అవుతుంది. పల్లెలో ఏటేటా కొత్త పిల్లలతో మళ్లీ మొదలుపెట్టేది బడిపంతులు ఒక్కడే. కన్నూరు ప్రయత్నాన్ని 2022లో కేరళ విద్యాశాఖకు చెందిన కైట్ సంస్థ రాష్ట్రమంతటి పాఠశాలలకు విస్తరించినది. నిలిచే దారి అది.

ఇంత దూరమెందుకు, ఏది నిజమో ప్రభుత్వమే చెప్పరాదా అనేవారున్నారు. 2023 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం, తన వ్యవహారాలను గూర్చిన వార్తలలో ఏది బూటకమో తానే నిర్ణయించే విభాగానికి నియమాలలో చోటు కల్పించినది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ నియమాన్ని కొట్టివేసినది. వాత్స్యాయనుని లక్షణంతో చూచినా ఫలితం ఇదే. తన పనిని తాను ఎరిగి ఉండవచ్చును. ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరునా అన్న రెండవ ప్రశ్న ఏ ప్రభుత్వానికైనను తప్పదు.

దేనినీ నమ్మవద్దని నేర్పుట కూడ విద్య కాదు. అన్నిటినీ సందేహించేవాడు వివేకి అనిపించుకొంటాడు గాని, టీకా విషయంలో వైద్యుని మాటనూ, గాలికబురునూ ఒకే త్రాసులో వేసి రెండింటినీ త్రోసివేస్తాడు. అతడు పుకారు పుట్టించేవానికి పరమమిత్రుడు. ఏ మాటను ఎప్పుడు, ఎంతవరకు నమ్మవచ్చునో తెలియుట కష్టతరమైన సగం. బీహారు పిల్లలలోనూ మెరుగైనది అబద్ధాన్ని నిజంనుండి వేరుచేసే శక్తి. వట్టి అపనమ్మకం కాదు.

ఈ పాఠాన్ని కంప్యూటరు గదికి అప్పగించి చేతులు దులుపుకొనుట మరొక పొరపాటు. బొమ్మలోని మనిషికి వ్రేళ్లు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టుడని మొన్నటివరకు నేర్పినారు. ఇప్పుడు యంత్రం ఐదు వ్రేళ్లూ చక్కగా గీస్తున్నది. రేపు మన గొంతుతో మన ఇంటికే ఫోను చేస్తున్నది. ఉపాయాలు ఏడాదికొకమారు పాతబడతాయి. ఎవరు చెప్పినారు, ఎట్లు ఎరిగినారు, మూలమెక్కడ, ఏది కత్తిరించినారు అన్న ప్రశ్నలు పాతబడవు. అవి భాషోపాధ్యాయుని ప్రశ్నలు, పిల్లవాని సొంత భాషలో అడుగవలసిన ప్రశ్నలు. మూలం చూడక అనువదించినవానిని సాహిత్యలోకం క్షమించదు. ఆ పట్టుదలను తరగతిగదిలోనికి తెచ్చుటకు కొత్త శాఖ, కొత్త భవనం అక్కరలేదు.

పరీక్షాపత్రంలో ఒక్క మార్పు చాలును. సందర్భసహిత వ్యాఖ్యకు ఇచ్చే నాలుగు వాక్యాలలో ఒకటి పాఠ్యపుస్తకంలోనిది కాక, విద్యార్థి మునుపెన్నడూ చూడని ఒక సందేశమై ఉండవలెను. అది ఎవరిది కావచ్చును, దేనిని వదలివేసినది, నిజం తేల్చుటకు ఎవరిని అడుగవలెను అని వ్రాయమనవలెను. తెలియనిచోట తెలియదని వ్రాసి, కారణం చెప్పినవానికి కూడ మార్కులు ఇవ్వవలెను. గైడు అచ్చువేసేవారు గగ్గోలు పెడతారు. ఆ జవాబును ముందుగా అచ్చువేయుట వారికి సాధ్యం కాదు.