నాలుగు భాషల బాలిక

ఉన్నత పాఠశాలలలో చదువుచున్న బాలబాలికలకు ప్రపంచదృష్టి నలవరింపవలెననియు, అన్యదేశీయులతోను అన్యసంస్కృతులవారితోను మెలగు నేర్పును పసితనముననే కలిగింపవలెననియు విద్యావేత్తలు కొంతకాలముగా గట్టిగా చెప్పుచున్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రపంచపౌరసత్వ విద్య అను మాటను తనలో చేర్చుకొన్నది. అంతకు రెండేండ్ల ముందే, పదునైదేండ్ల విద్యార్థుల సామర్థ్యమును దేశదేశములలో కొలుచు పీసా పరీక్షవారు ఈ నేర్పునకును ఒక కొలబద్దను సిద్ధపఱచి, తక్కిన ప్రశ్నలతోపాటు నీకెన్ని భాషలు వచ్చునని కూడ పిల్లల నడిగిరి. 2018లో జరిగిన ఆ పరీక్షలో మన దేశము పాల్గొనలేదు. పాల్గొని, ఆ ప్రశ్నపత్రము మహబూబాబాదు జిల్లా కురవి మండలమందలి యేదో యొక ప్రభుత్వోన్నత పాఠశాలకు వచ్చియుండినచో, వెనుక బెంచీలో కూర్చున్న తండా పిల్ల వ్రేళ్లు మడచి నాలుగని లెక్కపెట్టియుండెడిది: ఇంట లంబాడీ, ఊర తెలుగు, పాఠములలో హిందీ, ఇటీవల బోధనభాషగా వచ్చి కూర్చున్న ఇంగ్లీషు. ఆ పిల్లను మన బడి వెనుకబడినవారి పట్టికలో వ్రాసికొన్నది. ఈ సంపాదకీయమునకు విషయ మిదియే.

మిరప కోతలు ముమ్మరముగా సాగు దినములలో ఒక బడియందు మేము చూచిన చిన్న సంగతి యొకటి చెప్పవలెను. కూతురు సరిగా బడికి వచ్చుటలేదని ఉపాధ్యాయుడు కబురంపగా తల్లి వచ్చి వరండాలో నిలుచున్నది. ఆమెకు తెలుగు అర్థమగును గాని నోట పలుకదు. "ఏమమ్మా, నీ బిడ్డ వారంల మూడొద్దులే బడికొస్తది, గిట్లయితె పదో తరగతి ఎట్ల గట్టెక్కుతది?" అని ఆయన గద్దించెను. తల్లి కూతురివంక తిరిగి లంబాడీలో గుక్క తిప్పుకొనకుండ ఏమేమో చెప్పెను. కాయ పండి చేనిలోనే రాలిపోవుచున్నదనియు, ఏరుటకు కూలీలు దొరకుటలేదనియు, సారు వచ్చి రెండు దినములు ఏరిన తెలియుననియు ఆ మాటల సారమని మా వెంట వచ్చిన తండా మిత్రుడు పిదప మాకు నవ్వుచు తెలిపెను. ఆ పిల్ల మాత్రము తల వంచుకొని, "తమ్మునికి జరమొచ్చింది సార్, రేపటిసంది తప్పక పంపుతదట" అన్నది. మరల తల్లివైపు తిరిగి, చెల్లెలిని బుజ్జగించునట్టి గొంతుతో, సారు తనను చురుకైన పిల్ల యని మెచ్చుకొనుచున్నాడనియు, ఇంకొంచెము తరచుగా రమ్మనుచున్నాడనియు చెప్పినదట. ఇరువురును శాంతించిరి. ఇది అసత్యము కాదా యని నీతిశాస్త్రజ్ఞు లడుగవచ్చును. వారికి రాయబారముల సంగతి తెలియదు. ఏ మాటను ఏ పక్షమువారు సహింపగలరో, ఏ గౌరవము ఎచ్చట చెడరాదో, క్షణములో తూచి రెండు లోకములనడుమ నిలువగల యా నేర్పునే పెద్దపెద్ద సంస్థలు సంస్కృతుల మధ్య సంభాషణ యని పేరుపెట్టి రుసుము తీసికొని నేర్పుచున్నవి. బడిలో దానికి ఒక్క మార్కును లేదు.

పరసంస్కృతితో మెలగుట యనునది ఎవరి పని? మన అలవాటును బట్టి చూడగా అది ఎప్పుడును బలహీనుని పనియే. తండావాడు ఊరివాని భాష నేర్చును. ఊరివాడు పట్నపువాని మాట నేర్చును. పట్నపువాడు అమెరికావాని యుచ్చారణ నేర్చును. పైనుండి క్రిందికి ఒక్క మాటయు దిగదు. ముప్పదిమంది విద్యార్థులలో పదునైదుగురు లంబాడీ పిల్లలున్న తరగతిలో సైతము తక్కిన పిల్లలకు ఆ భాషలో దప్పిక యగుచున్నదని చెప్పుట రాదు. గూడూరు, కొత్తగూడ వైపు పోయినచో కోయ పిల్లల విషయమును అంతియే. వార్షికోత్సవమునాడు మాత్రము అద్దాల లంగాలు అద్దెకు తెచ్చి, లంబాడీ నృత్యము పేర ఊరి పిల్లలచేత గంతులు వేయింతురు. నిజముగా ఆ పాటలు వచ్చిన పిల్ల క్రింద చాపమీద కూర్చుండి చూచును.

ఈ సీమ యెన్నడును ఒంటరి సీమ కాదు. కురవి కోరమీసాల వీరన్న జాతరకు శివరాత్రినాడు ఊళ్లనుండి ఎంత జనము వచ్చునో తండాలనుండియు అంత జనము వచ్చును. ముదిగొండ చాళుక్యుల యేలుబడిలో కొరవి యనబడిన ఈ చోటు, ఒకవైపు వేంగియు మఱియొకవైపు రాష్ట్రకూట సామ్రాజ్యమును బలము చూపుకొనుచుండగా నడుమ నలిగిన సరిహద్దు నేల. తెలుగు వచనమునకు తొలినాటి సాక్ష్యములలో నొకటిగా పండితులెంచు కొరవి శాసన మిచ్చటిదే. ఇక్కడికి దూరము కాని పాలకుర్తియందు వెలసిన సోమనాథుడు కన్నడదేశపు బసవేశ్వరుని చరిత్రను తెలుగు ద్విపదలో వ్రాయగా, ఆ తెలుగు గ్రంథమునే భీమకవి 1369లో కన్నడము చేసెను. అనగా ఆ నాటివారు పొరుగుదేశపు మహాత్ముని తమవానిగా చేసికొని, మరల ఆ పొరుగువారికే కానుకగా పంపిరన్నమాట. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవునకు వచ్చు విదేశవర్తకులకు అభయశాసన మిచ్చి, ఓడలు పగిలినప్పుడు సరకులు దోచుకొను పాత మర్యాదను మాన్పించి, సుంకము నియమించిన సంగతి మన పిల్లలు పరీక్షకొరకు చదువుదురు. 1244 అను సంవత్సరమును కంఠస్థము చేయుదురు. ఒడ్డున నిలిచిన రాజు నీటిలోని పరదేశీయునికి ఏమి బాకీపడియున్నాడని మాత్రము ఎవరును ప్రశ్నించుకొనరు.

కురవికి పొరుగుననున్న డోర్నకలు జంక్షనులో రైలు మారిన ప్రయాణికులలో ఎందఱు అచ్చటి ఎపిఫనీ దేవాలయమును తేఱిపార చూచిరో! 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ ప్రార్థనామందిరమునకు మసీదుల గుమ్మటములును, గుడుల స్తంభములును గలవు. వానియందు సిలువ గలదు. కట్టించినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు, 1909లో నిజాం రాజ్యమందలి ఈ మారుమూలకు వచ్చి తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పై, 1945లో ఇక్కడనే కన్నుమూసెను. మతాంతరీకరణ విషయమున ఆయనకును గాంధీకిని గల భేదము ప్రసిద్ధము. అందు మేము ఆయన పక్షము కాము. కాని 1910లో ఎడింబరో నగరమున పన్నెండువందలకు పైగా ప్రతినిధులు కూడిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఆసియావాసులు ఇరువదిమందికి మించని ఆ సభలో, ముప్పదియైదేండ్ల అజరయ్య లేచి పలికిన సంగతి కురవి మండలములోని ప్రతి బడిపిల్లకును తెలియదగినది. మీ త్యాగములు మేమెఱుగుదుము, మీ దానములు మేమెఱుగుదుము, మాకు కావలసినది మీ స్నేహమని ఆయన చెప్పిన దాని తాత్పర్యము. సభలో కలకలము పుట్టినది. ఏండ్ల తరబడి ఒక్క ఆవరణలో పనిచేసియు తెల్లదొరలు నల్లవాని నొకనాడును తమ బల్లవద్దకు భోజనమునకు పిలువలేదని నిండుసభలో తెల్పుటకు సాహసము వలయును.

ఆ మాట నేటి బడులకును వర్తించును. దూరదేశపు సంఘమువారు బల్లలు పంపుదురు, సంచులు పంపుదురు, నీటియంత్రము బిగింతురు. మన పిల్లలు వరుసగా నిలిచి ఛాయాచిత్రము తీయించుకొందురు. ఆ సంచిని కుట్టినదెవరో, పంపిన పిల్లవాడు తన ఊరిలో ఏమి తినునో వీరికి తెలియదు. వీరి తండా పేరు వానికి తెలియదు. ఇచ్చట మఱియొక మాట: తల్లిదండ్రుల దృష్టిలో ప్రపంచమనగా అమెరికా, అమెరికాయనగా వీసా. వీసాకై చిలుకూరు బాలాజీ చుట్టు ప్రదక్షిణములు చేయు యువకుల మేము పరిహసింపము, వారి బాధ వారిది. కాని పోవలసిన ఒక్క దేశమును గూర్చిన జ్ఞానము ప్రపంచజ్ఞానము కాదు, అది దారిఖర్చు.

అన్యులతో మెలగుటకు అజరయ్య కోరిన స్నేహ మొక దారి; అది అవతలివాని మంచితనముపై ఆధారపడినది. రెండవ దారి దాశరథిది. కురవికి చేరువనే చిన్నగూడూరున 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు ఉర్దూ రాజభాషయు బోధనభాషయు నై వెలుగుచున్న రోజులలో పెరిగెను. నిజాము ప్రభుత్వమును ఎదిరించి చెరసాలకు పోయెను. నిజామాబాదు జైలు గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. తన మాతృభాషను అణగద్రొక్కిన యేలికల భాషయని ఉర్దూను ఏవగించుకొనుటకు ఆయనకున్నంత హక్కు మఱియెవరికిని లేదు. ఆ దాశరథియే గాలిబును తెలుగు చేసెను. రాజు వేరు, రాజు మాటాడు భాష వేరని గుర్తించి, ఒకదానితో పోరాడుచు రెండవదానిని ప్రేమించుట సామాన్యమైన పని కాదు. దేశముల మధ్య వైరములు ఫోను తెరలమీద ప్రతిదినము మండుచున్న ఈ కాలమున, పదునాలుగేండ్ల పిల్లవానికి ఇంతకంటె పనికివచ్చు పాఠము మాకు తోచుటలేదు. ఆ పాఠము చెప్పుటకు విమాన మెక్కనక్కరలేదు. బస్సులో చిన్నగూడూరు పోయిన చాలును.

అట్లని ప్రపంచమంతయు మన ఊరిలోనే యున్నదని మురియుట మా యభిమతము కాదు. ఆ తల్లి ఏరిన మిరపకాయనే చూడుడు. పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమున తెచ్చువఱకు ఇది మన దేశమున లేదు. అమెరికా ఖండపు పంట. కాకతీయుల వంటయిండ్ల మిరియమే గాని మిరప లేదు. నేడు తేజ రకపు కాయ కల్లములో ఎండి, తాలు వేఱుచేయబడి, బస్తాలకెక్కి ఖమ్మము మార్కెట్టు చేరును. ఉదయమున జెండా పాట ఎంత పలికినదను వార్త తండాకు ఫోనులో వచ్చును. అది తగ్గినచో ఇంట పొయ్యి చల్లబడును. ఎందుకు తగ్గినదని అడిగిన, చైనావారు కొనుటలేదని వ్యాపారి చెప్పును. ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. తేజ కారపు ఘాటుకును దానినుండి తీయు సారమునకును గిరాకి యున్నందున చైనా దానికి పెద్ద కొనుగోలుదారు అన్నంతవఱకు నిక్కము. కాని చైనావారు దానినేమి చేసికొందురు? వారి వంట యెట్టిది? అక్కడి రైతు మిరప పండించడా? అదే మిరప జనించిన మెక్సికోలో దాని నెట్లు తిందురు? ఈ ప్రశ్నలు వేయుటకు ఆ బాలికకు ఆకలియంతటి కారణ మున్నది. సాంఘికశాస్త్ర పుస్తకమున ఎగుమతి యనగానేమి యను ప్రశ్నకు రెండు వాక్యముల సమాధాన మున్నది. ఆమె దానిని వల్లించి రెండు మార్కులు పొందును. మాల్యాలలోని ఉద్యానపరిశోధన కేంద్రము ఈ జిల్లాలోనిదే. అచ్చటి శాస్త్రజ్ఞుని ఒక పూట బడికి పిలుచుటకు ఏ ప్రభుత్వోత్తరువును అడ్డురాదు.

తెలంగాణ గురుకులముల విద్యార్థులు కొందఱు కెన్నెడీ–లూగర్ పథకము క్రింద అమెరికా పోయి, అచ్చటి కుటుంబములలో ఉండి, ఒక విద్యాసంవత్సరము అక్కడి హైస్కూలులో చదివి వచ్చిరి. మంచి పథకము. వచ్చినవారు తమ గురుకులములో సన్మానము పొందిరి. వారు పుట్టిన మండలపు బడులలో వారి ముఖ మెవ్వరును చూడలేదు. వారిచేత అక్కడి గొప్పలు గాక అక్కడి యిబ్బందులు చెప్పింపవలెను: తొలినెలలో మాట పెగలక కూర్చున్న దినములు, మాంసమును గూర్చియు ప్రార్థనను గూర్చియు వచ్చిన చిక్కులు, తన కులము సంగతి చెప్పవలెనా వలదా యని తటపటాయించిన క్షణములు.

ఇక బడులు చేయదగిన పని. క్రొత్త పీరియడు వలదు, పరీక్ష అసలే వలదు. శ్రావణమున తండాలలో తీజ్ జరుగును; పెండ్లికాని బాలికలు బుట్టలలో గోధుమమొలకలు పెంచి తొమ్మిది దినములు పాటలతో నీరు పోసి, పిదప నీట కలుపుదురు. ఆ చివరి దినమున తరగతి తరగతియంతయు ఆ బాలికల పిలుపుపై అతిథులుగా పోవలెను. పోవుటకు ముందు వారము దినములు ఊరి పిల్లలును, వారికంటె ముందు ఉపాధ్యాయులును, ఆ నాలుగు భాషల బాలికయొద్ద లంబాడీలో పలుకరింపులు, కృతజ్ఞతలు, క్షమాపణలు నేర్వవలెను. ఆమె తప్పులు దిద్దును, వారు సిగ్గుపడుదురు. ఆ సిగ్గు వారికి అవసరము. దూరదేశములకు ఉత్తరములు వ్రాయింపదలచిన ప్రధానోపాధ్యాయులు మొదట లండను వైపు చూడక, అజరయ్య పుట్టిన తిరునెల్వేలి సీమలోని ఒక బడితో ఒప్పందము చేసికొందురేని బాగుండును. అటు తమిళము, ఇటు తెలుగు, నడుమ ఇరువురికిని సగము వచ్చిన ఇంగ్లీషు: ఎవరికిని ఎవరిపై ఆధిక్యము లేని చోటు అది.

మా పత్రిక చేయగలిగినది స్వల్పము. రాబోవు సంచికలనుండి నాలుగు పుటలు ఉన్నతపాఠశాలల విద్యార్థులకు విడిచిపెట్టుచున్నాము. లంబాడీలోగాని కోయలోగాని తెలుగులిపిలో వ్రాసి, ప్రక్కనే తెలుగున తాత్పర్య మిచ్చిన రచనలకు అందు తొలిస్థానము. నానమ్మ చెప్పిన కథ, ఎడ్లపై ఉప్పును ధాన్యమును వేసికొని దక్కను దారులు త్రొక్కిన తాతముత్తాతల ముచ్చట, మార్కెట్టులో మిరప అమ్మిన దినపు సంగతి, ఏదైనను సరే. అచ్చుతప్పులు మేము దిద్దుకొందుము. తాత్పర్యము వ్రాయు పని మాత్రము ఆ భాష రాని తోటి విద్యార్థి చేయవలెను, రచయిత ప్రక్కన కూర్చుండి అడిగి తెలిసికొని. ఇరువురి పేర్లును సమానమైన అక్షరములలో అచ్చగును.